ఓడ ఆగితేనే రేవు

శ్రీలంక తూర్పు తీరంలో ట్రింకోమలీ ఉంది. ప్రపంచంలోని మేటి సహజ నౌకాశ్రయాల గురించి ఎవరు రాసినా దాని పేరు వదలరు. చుట్టూ కొండలు, లోపల లోతైన నీళ్ళు, పెనుగాలి వీచినా ఓడలు నిశ్చింతగా నిలబడే మలుపులు. అదే దేశపు పడమటి తీరంలో కొలంబో ఉంది. అక్కడ ప్రకృతి ఇచ్చింది చాలా తక్కువ. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు నేరుగా వచ్చి ఒడ్డును కొట్టే చోటు అది. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో బ్రిటిష్ ప్రభుత్వం సముద్రంలోకి బ్రేక్‌వాటర్ గోడలు కట్టి అలలను అడ్డుకున్నాకే పెద్ద ఓడలు అక్కడ ధైర్యంగా లంగరు వేశాయి. అంతకు ముందు ఆవిరి ఓడలు బొగ్గు కోసం, మంచినీళ్ళ కోసం ఆగింది దక్షిణాన ఉన్న గాలేలో. ఇప్పుడు కొలంబో 20 అడుగుల పెట్టెల లెక్కన ఏటా 70 లక్షలకు పైగా కంటైనర్లను దించి ఎక్కిస్తోంది. గాలే చిన్న రేవుగా మిగిలింది. ట్రింకోమలీలో లోతు అలాగే ఉంది, కొండలూ అలాగే ఉన్నాయి, కంటైనర్ ఓడలే లేవు.

మన దగ్గర ఓడరేవుల మీద చర్చ ఎప్పుడు జరిగినా తీరం పొడవు, నీటి లోతు, సేకరించిన ఎకరాలు, ఖర్చయ్యే కోట్లు ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది కాబట్టి జిల్లాకో రేవు కడితే సంపద దానంతట అదే వస్తుందన్న నమ్మకం పార్టీలకు అతీతంగా బలపడింది. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువుల వంటి సరుకుకు ఈ లెక్క కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే ఆ సరుకు మొత్తం ఓడను ఒక్కటే నింపుతుంది, ఆ ఓడ చెప్పిన చోటికే వస్తుంది. కంటైనర్ల సంగతి వేరు. కంటైనర్ ఓడ ముందే ప్రకటించిన వేళల ప్రకారం, ముందే నిర్ణయించిన రేవుల మీదుగా తిరుగుతుంది. ఆ వరసలో చోటు దొరికిన రేవు బతుకుతుంది, దొరకనిది ఎంత లోతున్నా ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకని కంటైనర్ రేవు విలువను మూడు ప్రశ్నలతో కొలవాలి. ఇక్కడ ఆగిన ఓడ ఇంతకు ముందు ఎక్కడ ఆగింది? ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఎన్ని రోజులకు వస్తుంది? మిగతావన్నీ ఈ మూడింటి తర్వాతే.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే పెట్టె దగ్గర మొదలుపెట్టాలి. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో బయల్దేరింది. నిజానికది పాత చమురు ట్యాంకర్. లారీల వ్యాపారి మాల్కమ్ మెక్లీన్ దాని పైభాగాన్ని పెట్టెలు నిలిపేందుకు వీలుగా మార్పించాడు. కూలీలు బస్తా బస్తా మోసి నింపితే టన్నుకు 5.83 డాలర్లు అయ్యే ఖర్చు ఆ పద్ధతిలో 16 సెంట్లలోపుకు పడిపోయింది. ఆ తర్వాత దశాబ్దంలో పెట్టె కొలతలకు అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి. 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఇప్పటికీ రేవుల సామర్థ్యాన్ని 20 అడుగుల పెట్టె లెక్కలోనే, అంటే టీఈయూల్లోనే చెబుతారు. 40 అడుగుల పెట్టె రెండు టీఈయూలు. పెట్టె ఎనిమిది మూలల్లోనూ ఉక్కుతో పోతపోసిన దిమ్మె ఒకటి ఉంటుంది, దానికి కోలగా ఉండే రంధ్రాలుంటాయి. క్రేన్ కొక్కెమైనా, లారీ మీది తాళమైనా, ఓడ మీద పై పెట్టెను కింది పెట్టెతో బిగించే ట్విస్ట్‌లాక్ అయినా ఆ రంధ్రంలోనే దూరి అడ్డంగా తిరుగుతుంది. షాంఘైలో చేసినా, చెన్నైలో చేసినా ఆ రంధ్రాల మధ్య దూరం ఒక్కటే. చూడటానికి చిన్న విషయమే గానీ ప్రపంచంలోని ఏ క్రేన్ అయినా ఏ పెట్టెనైనా ఎత్తగలగడానికి కారణం అదే.

ఆ రంధ్రం రేవు పట్టణాల తలరాత మార్చేసింది. సరుకు విప్పే పని ఒడ్డున లేకపోయేసరికి, ఒడ్డున వేల మంది కూలీలు, గోదాములు, నగరం నడిబొడ్డున వేలు వేలుగా చీలిన గట్లు అక్కర్లేకపోయాయి. కావలసిందల్లా లోతైన నీళ్ళు, పెట్టెలు పేర్చేందుకు విశాలమైన బల్లపరుపు నేల, రైలు పట్టాలు, జాతీయ రహదారి. లండన్ డాక్‌లు 1981 నాటికి మూతపడ్డాయి, అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఫెలిక్స్‌టో బ్రిటన్‌లో అతిపెద్ద కంటైనర్ రేవు అయింది. శాన్‌ఫ్రాన్సిస్కో గట్లు ఖాళీ అయ్యాయి, ఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న ఓక్లాండ్ నిండింది. ముంబయిలో కూడా ఇదే జరిగింది. నగరంలోని పాత డాక్‌ల పని 1989లో మొదలైన నావా శేవాకు తరలిపోయింది. రేవుకూ నగరానికీ ఉన్న పాత బంధం తెగింది. ఆ గట్ల మీద బతికిన కూలీల కుటుంబాలు ఎంత నష్టపోయాయో రేవుల అభివృద్ధి లెక్కల్లో ఎక్కడా కనబడదు, కనబడాల్సిన విషయం అది.

ఇక ఓడల సంగతి. చైనా నుంచి ఐరోపాకు వెళ్ళి తిరిగి రావడానికి ఒక ఓడకు దాదాపు 12 వారాలు పడుతుందనుకుందాం. ప్రతి రేవులోనూ వారానికో ఓడ కచ్చితంగా ఆగాలంటే ఆ ఒక్క దారికే 12 ఓడలు కావాలి. ఇప్పటి అతిపెద్ద ఓడలు 400 మీటర్ల పొడవు, 61 మీటర్ల వెడల్పుతో 24,000 టీఈయూలు మోస్తాయి. ఓడ పెరిగేకొద్దీ పెట్టెకు పడే ఖర్చు తగ్గుతుంది, అయితే అది నిండుగా ఉన్నప్పుడే, కదులుతున్నప్పుడే. అంత ఓడ రేవులో ఆగిన ప్రతి గంటా నష్టమే. అందుకే అది తక్కువ చోట్ల ఆగి, ఆగిన చోట వేల పెట్టెలు మార్చుకోవాలని చూస్తుంది. ఇక్కడే ఒక తేలికైన లెక్క మొత్తం ప్రపంచ పటాన్ని తిరగరాస్తుంది. పది ఎగుమతి రేవులు, పది దిగుమతి రేవులు ఉన్నాయనుకోండి. ప్రతి రేవు నుంచి ప్రతి రేవుకూ నేరుగా ఓడ వేయాలంటే 100 సర్వీసులు కావాలి, వాటిలో చాలా భాగం సగం ఖాళీగా తిరుగుతాయి. మధ్యలో ఒక చోట అందరూ కలిసి ఓడ మారితే 20 సర్వీసులతో పనైపోతుంది. కాజీపేట ఊరి జనాభాను బట్టి అక్కడ అన్ని రైళ్ళు ఆగడం లేదు, దారులు అక్కడ చీలతాయి కాబట్టి ఆగుతున్నాయి; సింగపూర్, కొలంబో, మొరాకోలోని టాంజియర్ మెడ్ సముద్రం మీద అటువంటి జంక్షన్లు. 2024లో సింగపూర్ 4 కోట్ల 11 లక్షల టీఈయూలు దించి ఎక్కించింది. అందులో అత్యధిక భాగం ఆ ద్వీపంలో ఎవరూ వాడనిది, ఒక ఓడలోంచి దిగి మరో ఓడ ఎక్కి వెళ్ళిపోయినది. దీన్నే ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. పెద్ద ఓడను మదర్ షిప్ అనీ, దానికి పెట్టెలు చేరవేసే చిన్న ఓడను ఫీడర్ అనీ పిలుస్తారు.

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన రొయ్య అమెరికా వినియోగదారుడి పళ్ళెంలోకి ఎలా చేరుతుందో చూస్తే ఈ వ్యవస్థ కళ్ళకు కడుతుంది. ప్రాసెసింగ్ ప్లాంటులో శుభ్రం చేసి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్దిన సరుకును రీఫర్ కంటైనర్‌లోకి ఎక్కిస్తారు. రీఫర్ అంటే తనలోనే శీతల యంత్రం ఉన్న పెట్టె. లోపల మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా చల్లగా ఉండాలి. లారీ మీద ఉన్నంతసేపూ డీజిల్ జనరేటర్ దాన్ని నడుపుతుంది. విశాఖ టెర్మినల్‌కు చేరగానే ప్లగ్ పెడతారు. ఓడ వచ్చాక ప్లగ్ తీసి, క్రేన్‌తో ఎత్తి, ఓడ మీద మళ్ళీ ప్లగ్ పెడతారు. ఆ ఓడ ఫీడర్ అయితే కొలంబోలోనో సింగపూర్‌లోనో మళ్ళీ ప్లగ్ తీయాలి, దించాలి, యార్డులో పెట్టాలి, ప్లగ్ పెట్టాలి, మదర్ షిప్ వచ్చే రోజు దాకా ఉష్ణోగ్రత కనిపెడుతూ ఉండాలి. ఆ మదర్ షిప్ రెండు రోజులు ఆలస్యమైతే రొయ్య రెండు రోజులు అక్కడే ఉంటుంది. ఫీడర్ ఆలస్యమై మదర్ షిప్ తప్పిపోతే వారం ఆగాలి. ఎగుమతిదారుడి డబ్బు ఆ వారమంతా పెట్టెలో ఇరుక్కుపోతుంది, ఆ భారం చివరకు చెరువు గట్టున రైతుకిచ్చే ధర దాకా పాకుతుంది. దేశంలో పండే రొయ్యల్లో సింహభాగం పండించే రాష్ట్రానికి వారపు వేళల పట్టికలో ఒక గడి మారడమంటే మామూలు విషయం కాదు.

నేల మీద దూరాన్ని సముద్రం మీది అనుసంధానం ఎలా ఓడిస్తుందో రెండు ఉదాహరణలు చూడండి. హైదరాబాద్ నుంచి విశాఖ 600 కిలోమీటర్ల పైచిలుకు, ముంబయి 700 పైచిలుకు. దగ్గరిది విశాఖే. అయినా తెలంగాణ సరుకులో పెద్ద భాగం పడమటి తీరంలోని నావా శేవాకే పోతుంది. అక్కడి నుంచి ఐరోపాకు, అమెరికాకు, గల్ఫ్‌కు నేరుగా పోయే ఓడలు వారం పొడుగునా దొరుకుతాయి. వంద కిలోమీటర్ల అదనపు రైలు ప్రయాణం ఒక పూట. మధ్యలో ఓడ మారితే కొన్ని రోజులు. ఏ క్లియరింగ్ ఏజెంటయినా ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. రెండో ఉదాహరణ విశాఖకు అనుకూలమైనది. సముద్రం లేని నేపాల్‌కు తరతరాలుగా కోల్‌కతాయే ద్వారం. సరిహద్దులోని బీర్‌గంజ్‌కు కోల్‌కతా నుంచి ఉన్న దూరం కంటే విశాఖ నుంచి రెట్టింపు ఉంటుంది. అయినా 2016లో రెండు దేశాలూ విశాఖను కూడా ఒప్పందంలో చేర్చుకున్నాయి, మరుసటి ఏడు నుంచి నేపాల్ పెట్టెలు ఇక్కడి నుంచి రైలెక్కుతున్నాయి. కోల్‌కతా సముద్రానికి 200 కిలోమీటర్లకు పైగా లోపల, హుగ్లీ నది ఒడ్డున ఉంది. పూడిక వల్ల అక్కడికి చిన్న ఓడలే వెళ్ళగలవు, అవీ పోటు చూసుకుని. లోతైన నీళ్ళున్న విశాఖకు పెద్ద ఓడ వస్తుంది కనుక రెట్టింపు రైలు దూరం కూడా గిట్టుబాటైంది.

అంటే లోతే కదా గెలిచింది, ప్రకృతి పాత్ర లేదంటారేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 16, 17 మీటర్ల నీళ్ళు కావలసిన ఓడను 10 మీటర్ల రేవులోకి ఎవరూ తేలేరు. మలక్కా జలసంధి ఇరుకు కాకపోతే సింగపూర్ ఇవాళ్టి సింగపూర్ అయ్యేది కాదు. ప్రకృతి అర్హత ఇస్తుంది, నిజం. ఆ అర్హత ఉన్న చోట్లు చాలా ఉన్నప్పుడు ఎంపిక చేసేది మాత్రం వేరే శక్తులు. పైగా తగినంత సరుకుంటే లేని అర్హతను డబ్బుతో తెచ్చుకోవచ్చని షాంఘై చూపించింది. యాంగ్జీ నది ముఖద్వారంలో ఉన్న ఆ నగరానికి పూడిక శాపం. లోతు లేదు. వాళ్ళు లోతు ఎక్కడుందో వెతుక్కుంటూ సముద్రంలోని యాంగ్‌షాన్ దీవుల దాకా వెళ్ళారు. దీవులను కలిపి చదును చేసి గట్లు కట్టారు, ఒడ్డు నుంచి అక్కడికి 32.5 కిలోమీటర్ల వంతెన వేశారు. 2005 డిసెంబరులో మొదటి దశ తెరుచుకుంది. 2010 నుంచి ప్రపంచంలో అతిపెద్ద కంటైనర్ రేవు షాంఘైయే, 2024లో 5 కోట్ల టీఈయూలు దాటింది. వాళ్ళ వెనకాల యాంగ్జీ లోయలోని ఫ్యాక్టరీలున్నాయి, నది మీద పెట్టెలు మోసే పడవలున్నాయి. ఆ సరుకు లేకుండా ఆ వంతెన కట్టి ఉంటే అది సముద్రం మీద ఒక వృథా ఖర్చుగా మిగిలేది.

సింగపూర్ చరిత్రలోనే ఇంకో సాక్ష్యం ఉంది. దాని పక్కనే మలేషియా జోహోర్ రాష్ట్రంలో తాంజుంగ్ పెలెపాస్ అనే కొత్త రేవు వెలిసింది. 2000 సంవత్సరంలో డెన్మార్క్ సంస్థ మెర్స్క్ సింగపూర్ వదిలి తన జంక్షన్‌ను అక్కడికి మార్చుకుంది, ఆ రేవులో వాటా కూడా తీసుకుంది. రెండేళ్ళకు తైవాన్ సంస్థ ఎవర్‌గ్రీన్ కూడా అదే దారి పట్టింది. రెండు రేవులకూ అదే జలసంధి, దాదాపు అవే నీళ్ళు. భౌగోళికంగా ఏమీ మారలేదు. ధర మారింది, గట్టు మీద ఎవరి మాట చెల్లుతుందన్నది మారింది. సింగపూర్ కోలుకుంది, ఎందుకంటే మిగిలిన సంస్థల ఓడలు అక్కడ ఇంకా కలుసుకుంటూనే ఉన్నాయి. ఒకటి రెండు సంస్థల మీదే ఆధారపడ్డ రేవుకు అటువంటి దెబ్బ తగిలితే తేరుకోవడం కష్టం.

ఈ పటం ఎంత పెళుసైనదో ఎర్ర సముద్రం చూపించింది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసినప్పుడే ప్రపంచం ఉలిక్కిపడింది. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హౌతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక ఆరు రోజుల అంతరాయం నెలల తరబడి సాగింది. సింగపూర్ నుంచి రోటర్‌డామ్‌కు సూయజ్ మీదుగా దాదాపు 8,300 నాటికల్ మైళ్ళు. ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి వెళ్తే దాదాపు 11,800. పెద్ద సంస్థల్లో చాలా భాగం రెండో దారి పట్టాయి. వారానికో ఓడ మాట తప్పకూడదంటే ఒక్కో సర్వీసుకు రెండేసి ఓడలు అదనంగా కావాలి. సూయజ్ కాలువ ఆదాయం 2023లో వెయ్యి కోట్ల డాలర్లు దాటింది, 2024లో 400 కోట్ల డాలర్లకు పడిపోయింది. సౌదీ తీరంలో కొత్తగా కట్టిన కింగ్ అబ్దుల్లా రేవు తన కంటైనర్ వ్యాపారంలో చాలా భాగం పోగొట్టుకుంది. ఆ రేవులో క్రేన్లు అవే, లోతు అదే, సిబ్బంది అదే. దాని ముందు నుంచి పోయే ఓడలు పోవడం మానేశాయి, అంతే. ఇటు సింగపూర్‌లో 2024 వేసవిలో ఓడలు బెర్త్ కోసం రోజుల తరబడి బయట ఎదురుచూశాయి. దారి తప్పి, వేళ తప్పి వచ్చిన ఓడలన్నీ పెట్టెలను ఒకేసారి అక్కడ కుమ్మరించాయి. జిబ్రాల్టర్ ముఖంలో ఉన్న టాంజియర్ మెడ్ ఆ ఏడు కోటి టీఈయూలు దాటింది. ఒక చోట పేలిన క్షిపణి వేల మైళ్ళ అవతల రేవుల జాతకాలు ఇలా తిరగేసింది.

ఇప్పుడు మన దేశం సంగతికి వద్దాం. భారత కంటైనర్లలో మధ్యలో ఓడ మారేవి సుమారు పావు వంతు. వాటిలో 75 శాతం విదేశీ రేవుల్లో మారుతున్నాయని, అందులోనూ 85 శాతానికి పైగా కొలంబో, సింగపూర్, మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లోనే మారుతున్నాయని కేంద్ర ప్రభుత్వమే చెబుతోంది. దీన్ని దేశానికి అవమానంగా భావించేవారున్నారు. ఆ ఆదాయం మనదే కావాలన్న కోరికలో తప్పు లేదు. ఆ కోరిక తీర్చుకునే దారిలో చేసిన మొదటి పెద్ద ప్రయత్నం కొచ్చిలోని వల్లార్‌పాడం. 2011లో ఆర్భాటంగా ప్రారంభమైంది. తీరా చూస్తే పెద్ద ఓడల కోసం ఏడాది పొడుగునా పూడిక తవ్వాల్సి వచ్చింది. మన రేవుల మధ్య విదేశీ ఓడలు పెట్టెలు చేరవేయకూడదన్న నిబంధన సడలింపుల మీద సడలింపులతో సాగి 2018లో గానీ ఎత్తేయలేదు. కొలంబో అప్పటికే అన్ని ఫీడర్లనూ తన చుట్టూ తిప్పుకుంటోంది. వల్లార్‌పాడం కేరళ సరుకుకు మంచి రేవు అయింది, అనుకున్న జంక్షన్ కాలేదు. శ్రీలంకకూ ఇదే పాఠం ఎదురైంది. ప్రధాన నౌకామార్గానికి అతి దగ్గరగా ఉన్న హంబన్‌తోటలో అప్పు తెచ్చి రేవు కట్టారు. ఓడలు దాని ముందు నుంచే సాగిపోయి కొలంబోలో ఆగాయి. 2017లో దాన్ని చైనా సంస్థకు 99 ఏళ్ళ లీజుకిచ్చారు.

విళింజం సంగతేమిటని అడిగేవాళ్ళకు జవాబు చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు అది గట్టి పరీక్ష. తిరువనంతపురం దగ్గరి ఆ రేవు నౌకామార్గానికి 10 నాటికల్ మైళ్ళ దూరంలో ఉంది, సహజంగానే 18, 20 మీటర్ల లోతుంది. 2024 జులైలో మొదటి మదర్ షిప్ వచ్చింది, 2025 మే 2న ప్రధాని జాతికి అంకితం చేశారు, ఆ జూన్‌లో 24,346 టీఈయూల ఎంఎస్‌సీ ఇరీనా వచ్చి ఆగింది. వాణిజ్య కార్యకలాపాలు మొదలై ఏడాది తిరక్కుండానే పది లక్షల టీఈయూలు దాటింది. అద్భుతమైన ఆరంభం, సందేహం లేదు. అయితే ఆ ఓడల మీది పేర్లు గమనించండి. అత్యధికం ఎంఎస్‌సీవే. ప్రపంచంలోనే అతిపెద్ద కంటైనర్ సంస్థ తన పట్టికలో దానికో గడి కేటాయించింది కనుక విళింజం నిండింది. లోతు పిలిచింది, వేళల పట్టిక ఒప్పుకుంది. ఇంకో సంగతి: విళింజాన్ని నడుపుతున్న అదానీ సంస్థే కొలంబోలోని కొత్త పశ్చిమ టెర్మినల్‌లోనూ 51 శాతం వాటా పెట్టింది, 2025 ఏప్రిల్‌లో అదీ పని మొదలుపెట్టింది. కొలంబోను విళింజం మింగేస్తుందని ఆ పెట్టుబడిదారుడే నమ్మడం లేదన్నమాట.

జంక్షన్ కావడానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. విళింజం నుంచి కొచ్చికి 640 కంటైనర్లతో వెళ్తున్న ఫీడర్ ఓడ ఎంఎస్‌సీ ఎల్సా 3, 2025 మే 25న కేరళ తీరంలో మునిగిపోయింది. ప్లాస్టిక్ గుళికలు మైళ్ళ కొద్దీ ఇసుకలో కలిసిపోయాయి, వేట మీదే బతికే మత్స్యకారులు కొద్దికాలం ఒడ్డునే ఉండిపోయారు. ఆ పెట్టెలతో వాళ్ళకు ఏ సంబంధమూ లేదు. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా ఖాతంలో కొత్త ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవు కడతామంటున్నప్పుడు నాకు ఇదే బాధ. తోలువీపు తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు అది, షోంపెన్ గిరిజనుల దీవి అది. సొంతంగా ఎగుమతి చేసేందుకు ఆ దీవిలో ఫ్యాక్టరీల్లేవు, దిగుమతులు వాడుకునేంత జనం లేరు. పూర్తిగా ఓడ మారే పెట్టెల మీదే ఆధారపడాలి. అటువంటి సరుకు ఎంత తేలిగ్గా రేవు మారుస్తుందో పెలెపాస్‌లో చూశాం, కింగ్ అబ్దుల్లా రేవులో చూశాం. రక్షణ అవసరాల కోసం అక్కడ స్థావరం కావాలంటే ఆ వాదన ఆ పేరుతోనే చేయాలి. కంటైనర్ల లాభం పేరు చెప్పి తిరిగిరాని అడవిని కొట్టడాన్ని నేను సమర్థించలేను.

అయితే అంతా ఓడల సంస్థల చేతుల్లోనే ఉంటే ప్రభుత్వాలు చేతులు ముడుచుకు కూర్చోవాలా? వాటి పెత్తనం నిజమే. కొద్దిపాటి సంస్థలే కూటములుగా ఏర్పడి ప్రపంచపు ప్రధాన దారులను పంచుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో మెర్స్క్, జర్మనీ సంస్థ హపాగ్ లాయిడ్ కలిసి జెమినీ పేరుతో కొత్త కూటమి మొదలుపెట్టి, నేరుగా ఆగే రేవుల సంఖ్య తగ్గించి, కొన్ని జంక్షన్ల చుట్టూనే ఓడలు తిప్పుతామని ప్రకటించాయి. కోపెన్‌హాగెన్‌లో, హాంబర్గ్‌లో తీసుకున్న నిర్ణయం మన తీరంలో రేవుకు ఓడ తెస్తుంది, తీసుకుపోతుంది కూడా. 2024లో కృష్ణపట్నం కంటైనర్ టెర్మినల్ భవిష్యత్తు మీద నెల్లూరు జిల్లాలో రేగిన ఆందోళన ఇలాంటి భయం నుంచి పుట్టిందే. కానీ ప్రభుత్వానికి చేతనైన పని చాలా ఉంది, ఆ పని మన తీరానికి కొత్తదేమీ కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం గుర్తుచేసుకోవాలి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు జప్తు చేసుకునేవారు. తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాననీ, మిగతాది వ్యాపారులదేననీ ఆయన రాతి మీద మాట ఇచ్చాడు. గట్టు పొడిగించడం కన్నా ముందు ఆయన చేసిన పని ఓడ యజమాని భయం తీర్చడం, సుంకం ముందే తెలిసేలా చేయడం. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే కస్టమ్స్ తనిఖీ గంటల్లో ముగియాలి, రేవు రుసుములు హఠాత్తుగా మారకూడదు, బెర్త్ ఇస్తామన్న వేళకు బెర్త్ ఖాళీగా ఉండాలి.

అంతకన్నా పెద్ద పని వెనకాల ఉన్న నేలను రేవుకు కలపడం. ఓడను పిలిచేది సరుకే. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో ఒకేసారి రేవులు లేస్తున్నాయి. ఉత్తరాన విశాఖ, గంగవరం, దక్షిణాన కృష్ణపట్నం ఉండనే ఉన్నాయి. ఇవన్నీ కంటైనర్ల కోసం పోటీపడితే, ఉన్న పెట్టెలు ఆరు చోట్లకు చీలి ఏ ఒక్క చోటా పెద్ద ఓడను ఆపేంత పోగు కాదు. పోటీ వల్ల ధరలు తగ్గుతాయనే వాదన ఉంది. బొగ్గుకూ ఎరువులకూ అది వర్తిస్తుంది. కంటైనర్లకు వచ్చేసరికి చీలిన సరుకు అందరినీ ఫీడర్ స్థాయికే పరిమితం చేసి కొలంబో పనిని సులువు చేస్తుంది. రాష్ట్రానికి ఒకటో రెండో కంటైనర్ రేవులు చాలు. మిగిలినవి తమకు తగ్గ సరుకు చూసుకోవాలి. రేవుల పనితీరు లెక్కల్లో టన్నులతో పాటు ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ అంక్టాడ్ చూసే అంశాలు కూడా ఏటా ప్రకటించాలి: వారానికి ఎన్ని సర్వీసులు, ఎన్ని సంస్థలవి, వచ్చే ఓడల్లో అతిపెద్దది ఎంత, నేరుగా ఎన్ని దేశాలకు దారి ఉంది. భీమవరం ఎగుమతిదారుడికి పనికొచ్చే సమాచారం అది.

హైదరాబాద్ దగ్గర డ్రైపోర్టు కట్టి, అక్కడి నుంచి మచిలీపట్నానికి, అంటే బందరుకు, కొత్త రహదారి వేయాలని తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించింది. రాష్ట్రం విడిపోయాక ఇద్దరికీ లాభమిచ్చే ప్రతిపాదన అరుదుగా వస్తుంది, దీన్ని జాగ్రత్తగా లెక్కవేయాలి. బందరులో వారానికో ఓడ ఆగి, ప్రతిసారీ వెయ్యి నిండు పెట్టెలు ఎక్కించుకోవాలంటే ఏడాదికి 52,000 పెట్టెల ఎగుమతి సరుకు కావాలి. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాకుండా దాదాపు అంతే దిగుమతి కూడా కావాలి. తెలంగాణ మందులు, పత్తి, గ్రానైట్, కృష్ణా గోదావరి జిల్లాల రొయ్యలు, బియ్యం కలిపితే ఆ లెక్క అందుతుందా, అందులో ఎంత భాగం నావా శేవా, విశాఖ, చెన్నై వదులుకుని వస్తుంది, ఏ సంస్థ ఎన్నేళ్ళ పాటు ఓడ వేస్తానని రాసిస్తుంది అన్నవి రోడ్డుకు టెండర్లు పిలిచే ముందే రెండు రాష్ట్రాల అధికారులూ కలిసి కూర్చుని తేల్చుకోవలసినవి.